మే ఎండకు మోటారు బాక్సులో బోర్డులు ఆగిపోతున్నాయి, సాయంత్రానికి వాటంతటవే లేస్తున్నాయి. ఏంటి సంగతి?

సోల్డర్‌పొగ | మే 11, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ముగ్గురం కలిసి చిన్న వర్క్‌షాప్ నడుపుతున్నాం. బోరు మోటార్లను ఫోన్ కాల్‌తో ఆన్, ఆఫ్ చేసే మొబైల్ స్టార్టర్లు తయారు చేస్తాం. జనవరిలో పల్నాడులోని రెంటచింతల, మాచర్ల చుట్టుపక్కల పొలాల్లో 40 బిగించాం. మార్చి దాకా ఒక్క కంప్లయింట్ రాలేదు. ఏప్రిల్ చివర్నుంచి మాత్రం రోజూ ఫోన్లే. మధ్యాహ్నం పన్నెండు దాటాక కాల్ చేస్తే "స్విచ్ ఆఫ్" అని వస్తోందట. సాయంత్రం ఆరు తర్వాత దానంతట అదే బాగవుతోంది. రెండు బోర్డులు విప్పి తెచ్చి బెంచ్ మీద మూడు రోజులు నడిపాను. నిక్షేపంలా ఉన్నాయి.

బోర్డు సంగతి చెప్తాను, ఫొటో కూడా పెట్టాను. 440 నుంచి 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, ఏసీని డీసీ చేసే బ్రిడ్జి, 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్, తర్వాత వోల్టేజీని 5కు దింపే 7805 రెగ్యులేటర్ చిప్. దాన్నుంచి మైక్రోకంట్రోలర్, డిస్‌ప్లే, ఒక డయోడ్ మీదుగా కాల్స్ అందుకునే జీఎస్ఎం మాడ్యూల్ సిమ్800. కరెంటు పోతే రైతుకు మెసేజ్ పంపడానికి ఒక 18650 లిథియం సెల్ (రీఛార్జ్ బ్యాటరీ) కూడా పెట్టాం. అంతా కలిపి దుమ్ము, నీటి జల్లు చొరబడని బూడిద రంగు ఐపీ65 ప్లాస్టిక్ బాక్సులో ఉంటుంది. 20 సెంటీమీటర్ల ఎత్తు, 15 వెడల్పు, 10 లోతు. స్టార్టర్ పక్కనే స్తంభానికి బిగిస్తాం.

వేడేమో అని బెంచ్ మీద, తాకకుండా వేడి కొలిచే ఐఆర్ గన్‌తో చూశాను. 7805 వెనకుండే లోహపు ట్యాబ్ 52 డిగ్రీలే చూపించింది. కాబట్టి వేడి కాదనుకుంటున్నాను. సిగ్నల్ సమస్య అయ్యుంటుందా?

చల్లకుండ | మే 11, రాత్రి 10:40

రెంటచింతలలో మే నెల మధ్యాహ్నం మనుషులే స్విచ్ ఆఫ్ అవుతారు బ్రదర్, బోర్డును ఏమంటాం.

పాతమల్టీమీటర్ | మే 11, రాత్రి 11:25

బాబూ, ఆ 52 అంకెను ముందు మర్చిపోండి. తళతళలాడే లోహం మీద ఐఆర్ గన్‌ను నమ్మకూడదు. గన్ ట్యాబ్ వేడిని చూడటం లేదు, ట్యాబ్ అనే అద్దంలో మీ గదిని చూస్తోంది. చవక గన్‌లన్నీ వస్తువు తన వేడిలో 95 శాతం వెదజల్లుతుందని అనుకుని లెక్క కడతాయి. మెరిసే ట్యాబ్ పదో వంతు వెదజల్లితే గొప్ప. పైగా గన్ చూసే మచ్చ ట్యాబ్ కన్నా పెద్దది. 12కి 1 రకం గన్ (12 అంగుళాల దూరంలో అంగుళం మచ్చను చూసేది) అయితే జానెడు దూరం నుంచి చూసినా మచ్చ సెంటీమీటరున్నర దాటుతుంది.

ట్యాబ్ మీద స్టేషనరీ షాపులో దొరికే వైట్‌నర్ చుక్క పెట్టి, ఆరనిచ్చి, గన్‌ను బాగా దగ్గరగా పెట్టి చూడండి. మల్టీమీటర్‌తో వచ్చే కె టైప్ థర్మోకపుల్ (తాకించి వేడి కొలిచే తీగ) ఉంటే ఇంకా మంచిది. ఎంత కరెంటు లాగుతోందో, 7805 ముందు ఎన్ని వోల్టులు ఉన్నాయో కూడా రాయండి.

సోల్డర్‌పొగ | మే 12, ఉదయం 11:05

మాస్టారూ, కళ్లు తిరిగాయి. వైట్‌నర్ చుక్క మీద 118 డిగ్రీలు! థర్మోకపుల్ 120 అంటోంది. గది 34. ముందు వోల్టేజీ 17, సగటు కరెంటు 120 మిల్లీఆంపులు. హీట్ సింక్ (వేడిని లాగి గాలికి వదిలే లోహపు ముక్క) లేదు. "మామూలు వాడకానికి అక్కర్లేదు" అని ఏదో వీడియోలో చూసి వదిలేశాను.

రాగిరేకు | మే 12, మధ్యాహ్నం 1:30

నేను బెంగళూరులో వాహనాల బోర్డులు డిజైన్ చేస్తాను, రోజూ చేసే లెక్క ఇదే. 17 వోల్టుల నుంచి 5కు దింపుతున్నారు, అంటే 12 వోల్టులు 7805 నెత్తిన పడుతున్నాయి. 12ను 0.12తో గుణిస్తే 1.44 వాట్. హీట్ సింక్ లేని టీఓ-220 ప్యాకేజీ (మీ 7805 ఉన్న ఆకారం) ఒక్కో వాట్‌కు చుట్టూ గాలి కన్నా 65 డిగ్రీలు వేడెక్కుతుంది. 1.44 ఇంటూ 65, సుమారు 94 డిగ్రీలు. మీ గది 34తో కలిపితే లోపలి సిలికాన్ 128. ట్యాబ్ దానికి ఏడెనిమిది తక్కువ ఉండాలి. మీ 120 సరిగ్గా అక్కడే ఉంది.

ఇప్పుడు ఈ బోర్డు పొలంలో ఉంది. బాక్సు లోపలి గాలి 68 డిగ్రీలు అనుకోండి. 68కి 94 కలిపితే 162. 7805 లోపల తనను తాను కాపాడుకునే సర్క్యూట్ ఒకటి ఉంటుంది, వేడి 150 ప్రాంతానికి వస్తే ఔట్‌పుట్ ఆపేస్తుంది. చల్లారాక మళ్లీ ఇస్తుంది. మీ బోర్డు మధ్యాహ్నం చచ్చి సాయంత్రం బతకడం అదే. అది పాడవలేదు, స్పృహ తప్పింది.

సిగ్నల్ గురించి అడిగారు, అదీ కొంత ఉంది. టవర్ దూరమైతే జీఎస్ఎం మాడ్యూల్ ఫుల్ పవర్‌తో అరుస్తుంది. ఆ క్షణాల్లో 2 ఆంపుల దాకా లాగుతుంది, మీ 7805 ఇవ్వగలిగేది ఒక ఆంపు. సిగ్నల్ తక్కువున్న చోట సగటు కరెంటు పెరిగి వేడి ఇంకా ఎక్కువవుతుంది.

ఒక ప్రశ్న. మధ్యాహ్నం డిస్‌ప్లే నల్లగా అయిపోతోందని ఎవరైనా చెప్పారా?

సోల్డర్‌పొగ | మే 12, మధ్యాహ్నం 2:10

అయ్యో, అవును! ఆరేడుగురు చెప్పారు. కనెక్టర్ లూజ్ అనుకుని నాలుగు డిస్‌ప్లేలు మార్చాం కూడా. మీకెలా తెలిసింది?

రాగిరేకు | మే 12, మధ్యాహ్నం 2:35

మామూలు 16 ఇంటూ 2 డిస్‌ప్లేలకు 50 డిగ్రీల దాకే గ్యారంటీ, మంచి రకం అయితే 70. అది దాటితే లోపలి ద్రవం పొందిక చెదిరి తెర నల్లబడుతుంది, చల్లారితే మళ్లీ అక్షరాలు కనిపిస్తాయి. మీరు పెట్టకుండానే ప్రతి బాక్సులో ఒక థర్మామీటర్ ఉంది, దాన్నే మార్చేశారు.

ఎర్రనేల | మే 12, రాత్రి 8:50

మాది పల్నాడే. మిరప, పత్తి వేస్తాం. మోటార్ల వైండింగ్ కూడా చేస్తా. మీరు పట్టించుకోని సంగతి ఒకటి చెప్తా. ఒకప్పుడు మాకు రాత్రి కరెంటు వచ్చేది. పాముల భయంతో టార్చి పట్టుకుని వెళ్లేవాళ్లం, కానీ స్టార్టర్లు చల్లగా ఉండేవి. ఇప్పుడు పగటిపూట 9 గంటలు ఇస్తున్నారు. మనిషికి సుఖం. బాక్సుకు మాత్రం సరిగ్గా నడినెత్తిన ఎండ ఉన్నప్పుడే పని. పాత స్టార్టర్లు ఎండకు ఎందుకు ఆగలేదు, ఈ కొత్తవే ఎందుకు ఆగుతున్నాయి అని జనం అడుగుతారు. పాతవి పనిచేసిన టైమే వేరు.

నిజానికి పాతవీ ఆగుతాయి. ఓవర్‌లోడ్ రిలేలో రెండు లోహాల పట్టీ ఉంటుంది, అది వేడికే వంగి ట్రిప్ అవుతుంది. బాక్సే కాలిపోతుంటే మోటారు మామూలు కరెంటు తీసుకున్నా ముందే వంగేస్తుంది. మే నెలలో నా దగ్గరికి "మోటారు కాలింది" అని తెచ్చేవాటిలో కొన్ని మోటారు బాగుండి రిలే తొందరపడినవే.

చల్లకుండ | మే 12, రాత్రి 9:15

బాక్సుకు నాలుగు కంతలు పెట్టి కంప్యూటర్ ఫ్యాన్ ఒకటి తగిలిస్తే పోలా?

ఎర్రనేల | మే 12, రాత్రి 9:30

కంతలు పెడితే మొదటి వారం చీమలు, రెండో వారం బల్లి. మోటారుకు కరెంటు కలిపే కాంటాక్టర్ మధ్య బల్లి పడి ఫేజులు షార్టయితే వచ్చే చప్పుడు మీరు వినలేదు. మిరప తోటలో మందు కొట్టినప్పుడు ఆ తుంపర లోపలికి పోతుంది. ఫ్యాన్ అయితే దుమ్ముకు ఒక్క సీజన్.

పాతమల్టీమీటర్ | మే 12, రాత్రి 10:05

ఫ్యాన్ వద్దు. నేనైతే 7805నే ఉంచి మంచి అల్యూమినియం హీట్ సింక్ వేస్తాను. తక్కువ ఖర్చులో పోతుంది, కరెంటులో శబ్దం (నాయిస్) లేని సరఫరా వస్తుంది. స్విచింగ్ రెగ్యులేటర్ (వేగంగా ఆన్, ఆఫ్ అవుతూ వోల్టేజీ దింపేది) అంటే జీఎస్ఎం యాంటెన్నా పక్కన గోల చేసేదాన్ని కూర్చోబెట్టడమే.

రాగిరేకు | మే 13, ఉదయం 9:20

మాస్టారితో ఒక్క విషయంలో ఒప్పుకోను. మూసిన బాక్సులో హీట్ సింక్ వేస్తే 7805 చల్లబడుతుంది, నిజమే. కానీ ఆ 1.44 వాట్ ఎక్కడికీ పోలేదు, బాక్సు గాలిలోకే దిగింది. పక్కనున్న కెపాసిటర్, సెల్, డిస్‌ప్లే అన్నీ ఆ గాలే పీలుస్తాయి. ప్లాస్టిక్ గోడ దాటి వేడి బయటికి పోవడం కష్టం. హీట్ సింక్ వెనక భాగం బాక్సు గోడలోంచి బయటికి వస్తేనే లాభం, అప్పుడు ఐపీ65 సీలు గోల.

వేడిని మోసుకెళ్లడం కన్నా పుట్టించకపోవడం తేలిక. స్విచింగ్ రెగ్యులేటర్ 80 శాతం సామర్థ్యంతో పనిచేసినా మీ లోడ్‌కు పోయేది 0.2 వాట్ లోపే. శబ్దం సంగతి మాస్టారు అన్నది కరెక్టే, అందుకే రెగ్యులేటర్ కాయిల్‌ను యాంటెన్నాకు దూరంగా పెట్టి, జీఎస్ఎం మాడ్యూల్ కాళ్ల దగ్గరే ఒక 2200 మైక్రోఫారడ్ తక్కువ ఈఎస్ఆర్ (లోపలి నిరోధకత) ఉన్న కెపాసిటర్ వేయండి. 2 ఆంపుల గుటకలు అది ఇస్తుంది.

ఎల్‌ఎం2596 అనే స్విచింగ్ రెగ్యులేటర్ మాడ్యూల్ కొంటే జాగ్రత్త. చవకవాటిలో చాలా నకిలీ చిప్‌లు. అసలుది 150 కిలోహెర్ట్జ్‌లో నడుస్తుంది. నకిలీలు 50 దగ్గర నడుస్తూ అదే చిన్న కాయిల్‌ను వేడెక్కిస్తాయి. ఆసిల్లోస్కోప్ ఉంటే ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది.

పాతమల్టీమీటర్ | మే 13, ఉదయం 10:00

సరే, ఓడిపోయాను అనను గానీ మీ మాటలో బలముంది. దానికన్నా నాకు భయం వేస్తున్నది ఆ 18650 సెల్. లిథియం అయాన్‌ను 45 డిగ్రీలు దాటాక ఛార్జ్ చేయకూడదు, వాడటానికి కూడా 60 హద్దు. మీరు 68 డిగ్రీల బాక్సులో రోజూ ఛార్జ్ చేస్తున్నారు. ఎండిన పత్తి కట్టెల పక్కన. సెల్ ముందు తీసేయండి. రేపు కాదు, ఈరోజే అందరికీ ఫోన్ చేసి చెప్పండి.

చల్లకుండ | మే 13, ఉదయం 10:20

సూపర్ కెపాసిటర్ పెట్టుకోవచ్చుగా?

పాతమల్టీమీటర్ | మే 13, ఉదయం 10:45

2.7 వోల్టుల మామూలు సూపర్ కెపాసిటర్‌కు కూడా 65 డిగ్రీలే. వోల్టేజీ తగ్గించి వాడితే 85 దాకా ఓర్చుకుంటుంది. కాకపోతే అది లిథియం సెల్ అంత ప్రమాదం కాదు, అదొక్కటే తృప్తి.

ఎర్రనేల | మే 13, మధ్యాహ్నం 12:30

అసలు కరెంటు పోయిందని మెసేజ్ ఎవడడిగాడు? పోయిందని ఇంట్లో ఫ్యాన్ ఆగకపోయినా పక్కింటాయన ఫోన్ చేసి చెప్తాడు. రైతుకు కావాల్సింది త్రీ ఫేజ్ వచ్చిందన్న మెసేజ్. దానికి బ్యాటరీ దేనికి?

సోల్డర్‌పొగ | మే 13, రాత్రి 9:00

అన్నా, మూడేళ్లుగా మాకు ఈ మాట ఎవరూ చెప్పలేదు. సెల్ తీసేస్తున్నాం. ఈరోజు 40 మందికీ ఫోన్ చేశాం, 33 మంది తీసేశారు. మిగతా ఏడుగురి దగ్గరికి ఎల్లుండి మా వాడు వెళ్తున్నాడు.

నల్లపూస | మే 14, ఉదయం 8:10

కొత్త సభ్యుడిని, ఫిజిక్స్ చెప్తాను. నలుపు వేడిని బాగా వెదజల్లుతుంది కదా, హీట్ సింక్‌లు నల్లగా ఉండేది అందుకే. బాక్సుకు నల్ల రంగు వేస్తే చల్లబడుతుందేమో ఆలోచించండి.

రాగిరేకు | మే 14, ఉదయం 11:40

గదిలో అయితే సరే, ఎండలో మాత్రం ఆ ఆలోచన కొంప ముంచుతుంది. వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ థ్రెడ్ మొత్తంలో అసలు సంగతి ఇక్కడుంది. మనమంతా 7805 చుట్టూ తిరుగుతున్నాం గానీ ఆ బాక్సులో అన్నిటికన్నా పెద్ద హీటర్ సూర్యుడు.

లెక్క చూడండి. ఎండ నేరుగా పడితే చదరపు మీటరుకు సుమారు 1000 వాట్లు. మే మొదటి వారంలో మధ్యాహ్నం సూర్యుడు పల్నాడుకు దాదాపు నడినెత్తినే ఉంటాడు, అప్పుడు మీ బాక్సు పైకప్పు మీదే ఎండ పడుతుంది. అది చిన్నది కాబట్టి పది పన్నెండు వాట్లు. రెండు, మూడు గంటలప్పుడు ఎండ పడమటికి వాలి ముందు తలుపు మీద కూడా పడుతుంది. బూడిద రంగు బాక్సు అప్పుడు మింగేది సుమారు 20 వాట్లు. మీ సర్క్యూట్, ట్రాన్స్‌ఫార్మర్, రిలేలు అన్నీ కలిపినా పుట్టించేది నాలుగైదు. అంటే సూర్యుడి వాటా నాలుగైదు రెట్లు. గాలి 44 డిగ్రీలు ఉన్న రోజు లోపల నేను అనుకున్న 68 ఎలా వస్తుందో ఇప్పుడు అర్థమవుతుంది. వాతావరణ శాఖ చెప్పే 44 కూడా నీడలో, గాలి ఆడే తెల్ల పెట్టెలో కొలిచింది. వాళ్లు థర్మామీటర్‌కు చేసిన మర్యాద మనం బోర్డుకు చేయలేదు.

ఇక రంగు. కంటికి కనిపించే వెలుగు వేరు, వస్తువు వేడిగా వదిలే ఇన్‌ఫ్రారెడ్ వేరు. తెల్ల పెయింట్ ఎండలో పావు వంతే మింగుతుంది, కానీ తన వేడిని నల్ల పెయింట్ వదిలినంత బాగానే వదులుతుంది, సుమారు 90 శాతం. కాబట్టి ఎండలో తెలుపే గెలుస్తుంది. ఎండ లేని గదిలో నలుపు, తెలుపు రెండూ ఒకటే. పెయింట్ లేని మెరిసే అల్యూమినియం మాత్రం ఎక్కడైనా వేడిని సరిగా వదలదు. హీట్ సింక్ నల్లగా ఉండటంలో గొప్ప రంగుది కాదు, ఆనోడైజ్ పొరది, అంటే అల్యూమినియం మీద పెంచిన ఆక్సైడ్ పూతది. రంగు వేయకుండా ఆనోడైజ్ చేసినా ఫలితం దాదాపు అంతే.

నల్లపూస | మే 14, మధ్యాహ్నం 12:15

ఇరవై ఏళ్లుగా పిల్లలకు సగమే చెప్పానన్నమాట. ధన్యవాదాలు.

సోల్డర్‌పొగ | మే 17, రాత్రి 8:30

మా మేడ మీద మూడు బాక్సులు పెట్టాను. ఒకటి మామూలు బూడిద రంగుది. రెండోదానికి తెల్ల ఎనామిల్ రెండు కోటింగులు. మూడోది బూడిదే, కానీ పైనా పడమటి వైపూ అంగుళం సందు వదిలి జింక్ రేకు గొడుగు. మూడింటిలోనూ 4 వాట్ల రెసిస్టర్, ఒక డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సర్. నిన్న హైదరాబాద్‌లో 41 డిగ్రీలు. మధ్యాహ్నం మూడింటికి లోపల బూడిదది 64, తెల్లది 54, గొడుగుది 50.

నమ్మలేక సెన్సర్లు అటూ ఇటూ మార్చి మళ్లీ చూశా. ఒక డిగ్రీ తేడా, అంతే. ఇన్నాళ్లుగా కోడ్‌లో తప్పులు వెతికినవాడిని, ఒక రేకు ముక్క 14 డిగ్రీలు తగ్గించింది.

రాగిరేకు | మే 17, రాత్రి 9:10

రేకుకూ బాక్సుకూ మధ్య ఆ అంగుళం సందే ప్రాణం. అతికించేస్తే రేకు వేడి నేరుగా బాక్సుకు దిగుతుంది. సందులో గాలి కిందినుంచి పైకి పోయేలా రెండు చివర్లూ తెరిచి ఉంచండి.

ఇంకో రెండు మాటలు. మీ ఫొటోలో ఆ 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ 7805ను ఆనుకుని ఉంది, మీద 85 డిగ్రీలు, 25 వోల్టులు అని రాసి ఉంది. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఆయుష్షు ప్రతి 10 డిగ్రీలకూ సగమవుతుంది, తగ్గితే రెట్టింపవుతుంది. 85 దగ్గర 2000 గంటల సరుకు 75లో ఆగకుండా నడిస్తే 4000 గంటలు, అంటే ఐదున్నర నెలలు. అదే 105 డిగ్రీల సరుకును 65కు తగ్గిస్తే 32,000 గంటలు. కాబట్టి 105 రకం, 50 వోల్టులది వేయండి. లోడ్ తగ్గాక ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ ఇంకా పైకి లేస్తుంది, 25 సరిపోదు.

రిలే కాయిల్ రాగిది. రాగి నిరోధకత డిగ్రీకి 0.39 శాతం పెరుగుతుంది. 20 నుంచి 80కి వెళ్తే దాదాపు 23 శాతం. ఆ వేడిలో కాయిల్‌కు కరెంటు తగ్గి, వోల్టేజీ కూడా పడిన పూట రిలే పట్టుకోదు. అలాంటి కంప్లయింట్లు వస్తే ఆశ్చర్యపోవద్దు.

సోల్డర్‌పొగ | మే 18, ఉదయం 10:00

కొత్త వెర్షన్‌లో బోర్డు మీదే అతికే చిన్న ఎస్ఎండీ రెగ్యులేటర్ వేద్దామనుకుంటున్నాం. దానికి హీట్ సింక్ తగిలించే చోటే లేదు. వేడి ఎలా పోతుంది?

రాగిరేకు | మే 18, ఉదయం 11:30

బోర్డే హీట్ సింక్. బోర్డు తయారయ్యే ఎఫ్ఆర్4 ఫైబర్ గ్లాస్ వేడిని దాదాపు మోయదు, రాగి దానికి వెయ్యి రెట్లకు పైగా మోస్తుంది. కాబట్టి చిప్ కడుపు కింద రాగి మైదానం వదిలి, చిన్న రంధ్రాలతో వెనక వైపు రాగికి కలపండి. 0.3 మిల్లీమీటర్ల అలాంటి రంధ్రం (వయా) ఒక్కటైతే వాట్‌కు 180 డిగ్రీల దాకా అడ్డుపడుతుంది. తొమ్మిది పక్కపక్కన వేస్తే 20కి దిగుతుంది. సన్నని పైపులు తొమ్మిది కలిపినట్టు. 0.2 వాట్‌కు ఇంత హడావుడి అక్కర్లేదు, నాలుగు చాలు.

సోల్డర్‌పొగ | మే 29, రాత్రి 9:45

అప్‌డేట్. 12 చోట్ల మార్చాం. స్విచింగ్ రెగ్యులేటర్, 105 డిగ్రీల కెపాసిటర్, తెల్ల పెయింట్, రేకు గొడుగు. సెల్ లేదు. లోపలి ఉష్ణోగ్రత గంటకోసారి మెసేజ్‌గా వచ్చేలా కోడ్ రాశాను. వారం రోజుల్లో ఎక్కువలో ఎక్కువ 55. పదకొండు చోట్ల మధ్యాహ్నం ఒక్కసారి కూడా ఆగలేదు. డిస్‌ప్లేలూ నల్లబడలేదు.

పన్నెండోది మాత్రం 66 చూపిస్తోంది. అన్నీ ఒకేలా చేశాం. సెన్సర్ తప్పేమో తెలియడం లేదు.

ఎర్రనేల | మే 29, రాత్రి 10:20

ఊరు చెప్పండి, నేను చూసొస్తా.

ఎర్రనేల | మే 31, సాయంత్రం 6:40

చూశా. మీ సెన్సర్‌ది తప్పు లేదు. అక్కడ స్తంభం ఇరుకని మీ వాడు బాక్సును పాత స్టార్టర్ ఇనప డబ్బా నెత్తిన ఆనించి కట్టాడు. ఆ డబ్బా మూడింటప్పుడు చెయ్యి పెట్టనీయదు. లోపల కాంటాక్టర్ కాయిల్ వేడి అదనం. గొడుగు పైన ఉంది గానీ పొయ్యి కింద ఉంది. పక్కన వేప చెట్టు వైపు ఇంకో గుంజ పాతి, తలుపు ఉత్తరం వైపుకు తిప్పి కట్టించా. మధ్యాహ్నం ఫోన్ చేస్తే మోటారు లేచింది.

సోల్డర్‌పొగ | మే 31, రాత్రి 7:15

అన్నా, ఎంత థ్యాంక్స్ చెప్పినా తక్కువే. గుంజ ఖర్చు, మీ పెట్రోలు ఎంతయిందో చెప్పండి. మిగతా 28కి రేకులు కోయిస్తున్నాం. అడుగు వెడల్పు సరిపోతుందా?

ఎర్రనేల | మే 31, రాత్రి 7:40

పదిహేను అంగుళాలు కోయించండి. అంచులు మడత పెట్టించండి, లేకపోతే చేతులు తెగుతాయి. స్క్రూలు కాదు, రివెట్లు కొట్టండి. స్క్రూలైతే జూన్ గాలివానకు రేకులు మొదటి రోజే ఎగిరిపోతాయి.